నవమి నాడు మూసిన కిటికీ

రోజూ పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టే ముందే కొట్టు వెనక కిటికీ తెరిచేదాన్ని. పొద్దుగూకాక మూసేదాన్ని. మా ఇంటి ముందు గదే మా ఆయన బ్యాటరీల కొట్టు. ఆయన పోయి రెండేళ్లవుతోంది. ఇప్పుడు ఆ కిటికీ మూయను.

ఆదోనిలో ఆయన్ని బ్యాటరీ కాశప్ప అనేవాళ్లు. ఎమ్మిగనూరు లారీ షెడ్డులో ఎనిమిదేళ్లు పని నేర్చుకుని, పెళ్లయిన ఏడాదే ఈ కొట్టు పెట్టాడు. మూతలు విప్పి, లోపల నీళ్లు చూసి, తీగలు తగిలించాకే స్విచ్చి వేసేవాడు. తీగలు తీసేటప్పుడు ముందు స్విచ్చి కట్టేసేవాడు. చొక్కాలన్నిటికీ ఆసిడు చిల్లులే. వాటిని వంటసోడా నీళ్లలో విడిగా నానబెట్టి ఉతికేదాన్ని. చార్జి ఎక్కేటప్పుడు బ్యాటరీలోంచి మండే గాలి వస్తుందట, కంటికి కనపడదట. అందుకే ఆ కిటికీ. బీడీతో ఎవరినీ గడప దాటనిచ్చేవాడు కాదు.

“ఏమప్పా కాశప్పా, నీ అంగట్లో బీడీ తాగితే దేవునికి కోపమొస్తాదా?” అని రంగన్న ఎగతాళి చేసేవాడు. పత్తికొండ వైపు రైతు, పాత బేరగాడు.

“దేవునికేం లేదన్నా, నీ మీసాలకే కష్టం.”

మహానవమికి కొట్టులో ఆయుధపూజ చేసేవాళ్లం గనక ఏటా ముందురోజే చార్జింగు ఆపేసేవాడు. ఆ ఏడు, 1981లో, నవమి పొద్దున్నే రంగన్న బ్యాటరీ మోసుకొచ్చాడు. పూజకు ట్రాక్టరు కదలకపోతే ఇంట్లో ముసలామె ఊరుకోదన్నాడు. మా ఆయన కాదనలేక చార్జింగు పెట్టాడు. రంగన్న టీకి పోయాడు.

జిన్నింగు మిల్లు నుంచి దూది నూగు ఎగిరొచ్చి పూజకు పెట్టిన పసుపు కుంకుమల మీద పడుతోంది. నేనే పోయి కిటికీ మూశాను.

మధ్యాహ్నం హారతి పళ్లెం తెచ్చాను.

“ఉండుమే, ఇప్పుడే స్విచ్చి కట్టేసినా. గంటసేపు గాలాడనీ.”

“రాహుకాలం వచ్చేస్తాది. హారతి గూడా బీడీ అనుకుంటివా?”

ఆయన నవ్వాడు. నవ్వి, కర్పూరం వెలిగించి, పళ్లెం తీసుకుని బ్యాటరీ మీదికి వంగాడు. కిటికీ మూసి ఉందని చూడలేదు. నేను చెప్పలేదు.

బ్యాటరీ పేలింది. ఆ చప్పుడుకు గడపలో పడిపోయాను. లేచి చూస్తే ఆయన మొహమంతా ఆసిడు, మెడలో బ్యాటరీ పెంకు దిగబడి ఉంది. బిందెలకు బిందెలు నీళ్లు కుమ్మరించాను. జీపులో కర్నూలు తీసుకుపోతుంటే, “రంగన్న లోపల లేడు గదా?” అని అడిగాడు. లేడన్నాను. మూడో రోజు పోయాడు.

బీడీ నిప్పంటే నాకూ భయమే. కర్పూరాన్ని మాత్రం ఏనాడూ నిప్పనుకోలేదు. అందరూ బ్యాటరీయే చెడ్డదన్నారు. కిటికీ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇట్లాంటి కొట్లున్న ఇళ్లలో ఆడవాళ్లు చదువుతారని ఇప్పుడు రాస్తున్నాను.

రేపు నవమి. పక్కింటి దేవమ్మ కొట్టులోకి తొంగి చూసింది.

“అక్కా, లోపలంతా దూది పడతాంది. ఆ కిటికీ ముయ్యరాదా? పండగ పూట ఊడ్చనన్నా ఊడ్చవా?”

“పడనీలే దేవమ్మా.”

చార్జింగు పెట్టె మీద వేలెడు మందాన నూగు పేరుకుంది. చీపురు మూలన పెట్టి ఇంట్లోకొచ్చాను.