రెండో గొంతు

హెలికాప్టర్ మమ్మల్ని దింపేసరికి ఉదయం ఏడున్నర. సరిహద్దులో మంచుకొండ, పదహారు వేల అడుగుల ఎత్తు. గాలి పడమటి నుంచి. ఒక ఫైబర్ గుడిసె, ఒక కిరోసిన్ స్టవ్, ఐదుగురు సైనికులం. ఆదేశం ఒక్కటే: మూడు నెలలు ఆ గట్టు వదలకూడదు. తొంభైల్లో మాట. భిలాయి ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్ల వేడి పక్కన పెరిగినవాణ్ణి. చలి ఏమిటో అక్కడే తెలిసింది.

హవల్దారు సిక్కు. రోజూ తెల్లవారుజామున ఐదింటికి స్టీలు మగ్గు మీద చెంచాతో తాళం వేస్తూ కీర్తన పాడేవాడు. ఆయన పాడిన పంక్తిని వంటవాడు తిరిగి పాడేవాడు, గురుద్వారాలో జనం పలికినట్టు. ఆ పావుగంట నా చేతుల వణుకు ఆగేది. కారణం వెతికాను. పంక్తి పొడవు, ఊపిరి నిదానం. దేవుడికి అందులో పని కనబడలేదు. ఆ మాటే పైకన్నాను.

"సరేలే మద్రాసీ, చాయ్ తాగు," అన్నాడు హవల్దారు.

"నాది భిలాయి, ఉస్తాద్."

"అందుకే ఉక్కు బుర్ర."

నలభయ్యో రోజు ఆయన వంటవాణ్ణి నీళ్లకు మంచు తవ్వుకురమ్మని పంపాడు. వాలు కూలింది. రెండు రోజులు తవ్వితే శవం దొరికింది.

మర్నాడు ఐదింటికి మగ్గు మోగింది. ఒక పంక్తి. తర్వాత నిశ్శబ్దం. రేడియో ఆపరేటరు చెవులకు హెడ్‌ఫోన్లు. ఇంకొకడు బయట కాపలా. మిగిలింది నేను.

"నువ్వు అను భాయ్. నమ్మకం నాకొదిలెయ్. గొంతు చాలు."

"నమ్మని మాట నా నోట రాదు ఉస్తాద్."

భిలాయిలో మా సెక్టారు లైబ్రరీ చర్చల్లో నేర్చిన నిజాయితీ అది. గర్వమని అప్పుడు తెలియలేదు. రైఫిల్ తుడుచుకుంటూ కూర్చున్నాను.

తొమ్మిది ఉదయాలు ఆయన పంక్తి పాడి ఆగాడు. పదోనాడు మగ్గు మోగలేదు. తర్వాత తిండి మానేశాడు. మాటా మానేశాడు.

ఆపరేటరు కిందికి కబురు పంపాడు. "పేషెంటు ఒకరు. నడుస్తాడు. మాట్లాడడు. ఓవర్."

"గాయం ఎక్కడ? ఓవర్."

ఆపరేటరు నావైపు చూశాడు. "కనబడదు. ఓవర్."

హెలికాప్టర్ ఆయన్ని తీసుకుపోయింది. ఆ తర్వాత ఆయన సంగతి నాకు తెలియలేదు.

గడువు ముగిశాక భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో దిగాను. ఆదివారం సుపేలా బజారు దగ్గరి గురుద్వారాలో వెనక వరసలో కూర్చున్నాను. పంక్తి వచ్చింది. అందరూ బదులు పలికారు. నేనూ పలికాను. బయట స్కూటర్ దగ్గర నాన్న వెక్కిరించాడు.

"ఏటిరా, భక్తుడివైపోనావేటి?"

"లేదు నాన్నా."

"మరేటికి పాడతన్నావు?"

స్కూటర్ వెనక సీటు ఎక్కాను.

దేవుడు లేడని ఇవాళా వాదిస్తాను. పాట దానంతటదే మనసు కుదుటపరుస్తుందనే వాళ్లతోనూ వాదిస్తాను. తొమ్మిది రోజులు ఒక్కడే పాడినవాడు కుదుటపడలేదు. ఆ గుడిసెలో హవల్దారు దేవుణ్ణి అడగలేదు. నన్నడిగాడు.

ఇప్పటికీ ఐదింటికి మెలకువ వస్తుంది. కళ్లముందు ఆ గుడిసె స్టవ్ మంట నీలంగా వెలుగుతుంటుంది. ఎత్తిన చెంచా మగ్గు మీద పడదు. ఒక పంక్తి పట్టేంతసేపు ఆగి, ఆయన నావైపే చూస్తుంటాడు.