గోడ దాటిన బంతి

బంతి మాకు కనిపించలేదు. పెనుకొండలో ఆటల మైదానం పక్క రోడ్డు మీద పోతున్నాం. మా బావ బండి నడుపుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. బండి ఒరిగి ఇద్దరం పడ్డాం. నేను లేచేసరికి బావ కుడి కన్ను అదుముకుని రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు, వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. ఎర్రటి తోలు బంతి కాలువ అంచున ఆగింది.

బావది ధర్మవరం, పట్టుచీరలు నేస్తాడు. హిందూపురంలోని మా ఇంట్లో నన్ను దింపడానికి వస్తున్నాడు.

నేను పత్రికలో పనిచేసే రోజుల్లో ఆ మైదానం గోడ గురించి వార్త రాశాను. అప్పుడది నడుమెత్తే ఉండేది. గట్టిగా కొట్టిన బంతి చదునుగా రోడ్డు దాటి వేరుశనగ చేలో పడేది. రోడ్డు మీద మనిషి కనిపిస్తే ఆట ఆపేవాళ్లు. ఒకసారి బస్సు అద్దం పగిలాక, జనం అడిగితే, గోడను రెండు నిలువుల ఎత్తుకు లేపారు. దాంతో ఆడేవాళ్లు గోడ దాటించడానికి బంతిని పైకి లేపడం మొదలుపెట్టారు. అదే బలంతో మరీ పైకి కొట్టిన బంతి అంత దూరం పోదు. గాలి అడ్డుపడటంతో లేచినదానికన్నా నిటారుగా దిగుతుంది. చేలో పడవలసింది రోడ్డు మీద పడుతుంది. బండి వేగం కూడా దెబ్బలో కలుస్తుంది. బ్యాటును వదిలిన బంతిని ఎవరూ మళ్లించలేరు, గోడ అవతల ఎవరున్నారో కొట్టినవాడికి తెలియదు.

కొట్టినతను కొన్నాళ్లకు ధర్మవరం వచ్చాడు. ఫ్యాక్టరీలో పనిచేసే యువకుడు. మగ్గం పక్కన నిలబడ్డాడు.

“గోడ ఆపక్క మనిషి కనపడల్యా అన్నా.”

“గోడ ఉండాదనే కదప్పా నువ్వు కొడితివి,” అన్నాడు బావ. “గోడ ఉండాదనే నేనూ ఆడ హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకుంటి.”

అతను కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఒంటికన్నుతో దూరం అంచనా అందడం లేదు. తెగిన పోగు కోసం చాచిన బావ వేళ్లు దానికి కాస్త ఇవతలే మూసుకుంటున్నాయి. పోగులన్నీ అక్కే అతుకుతోంది. గోడ మీద వల కడతామన్నారు, ఇంకా కట్టలేదు. సాయంత్రాలు అక్కడ ఆట నడుస్తూనే ఉంది. చీర మగ్గం మీద సగంలో ఉంది. ఆ కంటికి చూపు వస్తుందో రాదో డాక్టర్లు ఇప్పటికీ చెప్పలేదు.