వెనక్కి తీసుకున్న సాక్ష్యం

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఒక వరస ఉంది. ముందు కష్టం, తరవాత ప్రార్థన, చివర మేలు. మేలు లేని సాక్ష్యం ఎవరూ చెప్పరు. జ్వరం తగ్గకముందే లేచి నిలబడితే "తగ్గినంక చెప్పు సిస్టర్" అని నవ్వుతారు. నాకు మొదటి నుంచీ నోరెక్కువ. పదిమందిలో లేచి మాట్లాడాలంటే జంకు లేదు. ఈ తిప్పలన్నీ అందుకే వచ్చాయి.

మా మందిరం ఇస్నాపూర్‌లో హార్డ్‌వేర్ దుకాణం పైనున్న కిరాయి హాలు. కింద దుకాణం సేటు ముస్లిం. ఆదివారం మా పాటలు మొదలవగానే పైపులు కోసే మిషన్ ఆపేస్తాడు. మేం మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చుంటాం. ఒడిశా నుంచి వచ్చిన కంపెనీ పనివాళ్ల కోసం ఒక పాట హిందీలో పాడతాం. మా ఆయన గోడకు ఆనుకుని చివర కూర్చుంటాడు. పాడడు, చప్పట్లు కొట్టడు, కానీ రాకుండా ఉండడు.

ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక చిన్న కంపెనీలో పవర్ ప్రెస్ మీద పని చేసేవాడు. రేకు పెట్టడం, పెడల్ తొక్కడం, ముక్క తీయడం, రోజంతా అదే. చెయ్యి లోపల ఉంటే ప్రెస్ దిగకుండా అడ్డుపడే గార్డు ఒకటి ఉండాలి. దానితో పని నెమ్మదిస్తోందని విప్పి మూలన పెట్టారు. ఒక ఆదివారం పగటిపూట ప్రెస్ ఆయన కుడిచేతి మీద దిగింది. నాలుగు వేళ్లు పోయాయి. బొటనవేలు మిగిలింది.

రెండు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. నేను అన్నం కలిపి ముద్దలు పెడితే గోడ వైపు చూస్తూ తినేవాడు. శనివారం శనివారం తాగే అలవాటు గాయానికి మాత్రలు వాడేటప్పుడు ఆగిపోయింది, మళ్లీ మొదలుపెట్టలేదు. ఇంకేం, నా సాక్ష్యానికి కావలసిన మేలు దొరికింది.

కట్టు విప్పాక ఆయన మందిరానికి వచ్చిన మొదటి ఆదివారమే నేను లేచాను. "ఆరాధన ఎగ్గొట్టి పనికి పోయిండని ప్రభువు హెచ్చరించిండు. నాలుగు వేళ్లు తీసుకొని నాకు నా మనిషిని ఇచ్చిండు. స్తోత్రం!" అన్నాను. హాలంతా హల్లెలూయలు. పాస్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. చిట్కుల్ ఆడవాళ్ల కూడికకు పిలిచారు, రుద్రారంలో ఒకరింటి ప్రార్థనకు పిలిచారు. వెళ్లాను, చెప్పాను. చెప్పిన ప్రతిసారీ దానికి కొంచెం ఉప్పూ కారం చేరింది. ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారంతా యేసయ్యను పిలిచాడని కూడా చెప్పాను. నిజానికి పిలిచింది వాళ్లమ్మను.

నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభు బల్ల. రొట్టె, ద్రాక్షరసం పంచేముందు పాస్టరు గారు ఒక మాట తప్పకుండా చెబుతారు: ఎవరి మీదనైనా మనసులో కోపం ఉంటే ముందు తీర్చుకొని, అప్పుడు చెయ్యి చాపండి. నా సాక్ష్యం తరవాతి నెల పళ్లెం వచ్చినప్పుడు మా ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. మరుసటి నెలా అంతే. బల్ల మానేసిన మనిషి మెల్లగా మందిరం కూడా మానేస్తాడు, అట్లా జారిపోయినవాళ్లను ఎంతమందిని చూడలేదు! వేళ్లు పోతే పోయాయి, మనిషి కూడా దేవుడికి దూరమైతే ఎట్లా అని నా భయం.

కారణం చెయ్యేననుకున్నాను. మొండి చెయ్యి చాపడానికి సిగ్గు, ఎడమ చేత్తో తీసుకుంటే తప్పు. మా దగ్గర పెళ్లి కార్డయినా ఎడమ చేత్తో అందుకోరు. పాస్టరు గారు వారమంతా స్కూలు బస్సు నడిపే మనిషి, మంచివారు. ఆయనకు చెప్పాను. "గంతేనా సిస్టర్? నేనే నోట్ల పెడతలే" అన్నారు.

మూడో నెల పాస్టరు గారు పళ్లెం పట్టుకుని గోడ దాకా వెళ్లి, వంగి, రొట్టె ముక్క నోటి దగ్గర పెట్టారు. మా ఆయన ఆ మొండి చేత్తోనే నోరు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. హాలంతా చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే చెప్పుల కాళ్లతోనే మొదలుపెట్టాను. "ఏందయ్యా, పరువు తీస్తివి గదా! నీ చెయ్యి సూసి ఎవరు నవ్విన్రు? దేవుని ముందల సిగ్గేంది?"

ఆయన నీళ్లు తాగి, గ్లాసు పెట్టి అన్నాడు. "చెయ్యి గురించి గాదు. నీ మీద కోపమున్నది. కోపం పెట్టుకొని తీసుకోవద్దని పాస్టరే చెప్తడు గదా."

"నా మీదనా? నేనేం జేసిన?"

"ఆరాధన ఎగ్గొట్టి పోయిండు అని ఊరంతా చెప్పినవ్. ఆ ఆదివారం ఓటీకి పొమ్మన్నది ఎవరు?"

నేనే. ఎండాకాలం, ఓవర్‌టైం డబ్బుతో ఫ్రిజ్ కొనాలని నా పట్టు. ఒక్క ఆదివారం పోతే దేవుడేమీ అనుకోడు, పో అని డబ్బా కట్టి పంపింది నేనే. ఆ సంగతి మరిచిపోలేదు. కప్పిపెట్టాను. దేవుడు చేశాడంటే నేను చేయలేదన్నట్టే కదా.

ఆయన గొంతు పెంచలేదు. "ప్రభువు సిలువ మీద నన్నెందుకు చెయ్యి విడిచినవ్ అని తండ్రిని అడిగిండు. ఆయనకే జవాబు రాలే. నాకు మాత్రం రెండు నెలల్లనే నువ్వు జవాబు తెచ్చినవ్. నాలుగు ఊర్లల్ల పంచినవ్."

"మరి దేవుని మీద కోపం లేదా?" అని అడిగాను.

"ఆయన మీదెందుకు? మేకులు దిగిన చేతులు ఆయనయి. నొప్పి లేస్తే ఆయనతోనే మాట్లాడుత. డాక్టరుకు చెప్పినా తెల్వదు, నీకు చెప్పినా తెల్వదు. ఆయనకు చెప్పే పనే లేదు. నాకు గది చాలు. ఎందుకైందో నాకొద్దు."

మా ఆయన అంతసేపు మాట్లాడటం పెళ్లయ్యాక అదే మొదటిసారి. నాకేమో ఇన్నేళ్ల భక్తిలో ఆ మాట ఒక్కసారీ తట్టలేదు. ఎందుకు, ఏ తప్పుకు, ఏ మేలుకు అని వెతకడమే నాకు తెలుసు. నొప్పిలో పక్కన కూర్చునే దేవుడు ఒకడున్నాడని మా ఆయనకు తెలుసు.

వారం రోజులు కూరల్లో ఉప్పు ఎక్కువ తక్కువ చేసి, చివరికి పాస్టరు గారి ఇంటికి వెళ్లాను. సాక్ష్యం వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన కంగారుపడ్డారు. "గట్ల ఎక్కడన్న ఉన్నదా సిస్టర్? ఆ మాట ఇని బలపడ్డోళ్లు ఏం గావాలె?"

"అబద్ధం ఇని బలపడ్డరు అయ్యగారూ. నిజమిని తట్టుకోలేరా? వాళ్ల సంగతి మీరు సూసుకోండ్రి. నాకు మా ఇంటాయన బల్ల కాడికి రావాలె."

ఆయన గడ్డం గోక్కున్నారు. సరేననలేదు, వద్దనలేదు.

మళ్లీ బల్ల ఆదివారం. సాక్ష్యాల సమయంలో లేచాను. "మా ఆయన గురించి చెప్పిన సాక్ష్యం వెనుకకు తీసుకుంటున్న. దేవుడు వేళ్లు తీసుకోలే, మిషన్ తీసింది. ఆ పొద్దు ఓటీకి పంపింది నేను. తోవల యేసయ్యను పిలిచిండన్నది నేను కల్పించిన. గిట్ల ఎందుకైందో నాకు తెల్వదు. మేలు ఏంది అని అడిగితే, చెప్పనీకి ఏం లేదు" అని కూర్చున్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. పక్కనున్న సిస్టర్ కొంగు సర్దుకుని కొంచెం జరిగింది. పాస్టరు గారు మైకు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు మగవాళ్ల వైపు చివర నుంచి "ఆమెన్" అని వినిపించింది. మెల్లగా, బొంగురుగా. ఆ గొంతు నాకు తెలుసు.

పళ్లెం వచ్చినప్పుడు మా ఆయన రొట్టె తీసుకున్నాడు. నేనూ తీసుకున్నాను. ఆరాధన అయ్యాక ఎవరి కంటా పడకుండా మెట్లు దిగిపోదామనుకున్నాను. సగం మెట్ల మీద వెనకనుంచి వచ్చి కలిశాడు.

"మొత్తం నీ నెత్తి మీదనే ఎందుకు ఏసుకుంటవ్?" అన్నాడు. "పొమ్మన్నది నువ్వే. గాని ముందు రోజే ఓటీ లిస్టుల పేరు రాయించుకున్నది నేనే. నువ్వు పొమ్మనకున్నా పోదును."

నేను అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాను. జనం దిగుతూ పక్కనుంచి వెళ్తున్నారు. ఆయన నా పక్కన కూర్చున్నాడు.