చాటంత నిశ్శబ్దం

మా మేనకోడలి మొదటి గెలుపు పెరట్లో, బట్టలుతికే రాయి పక్కన, చాటంత చోటులో జరిగింది. ఏడు నెలలు తంటాలు పడి, రెండు గడలకు రెండు తీగలు కట్టి, రెండింటి నుంచీ రొద పంపి, ఆ చాటంత చోటులో మాత్రం ఆ రొద లేకుండా చేసింది. అక్కడ రేడియో సెట్టు పెడితే మనిషి మాట గంట కొట్టినట్టు వినబడింది. రెండడుగులు పక్కకు జరిపితే గురగుర తప్ప ఏమీ లేదు. ఆమెకు కాలేజీలో పాఠాలు చెప్పిన పెద్దమనుషుల్లో ఒక్కరూ ఈ పని చేతులతో చేసి చూపలేదు. నల్లబల్ల మీద చేశారు. నల్లబల్ల మీదైతే నేను ఏనుగును కూడా ఎగరేస్తాను.

ఆమె నా చెల్లెలి రెండో కూతురు. పదేళ్ళప్పుడు ఇంట్లో రేడియో మొత్తం విప్పి మళ్ళీ బిగించింది, చేతిలో ఒక్క మర కూడా మిగల్లేదు. వైర్‌లెస్ మెకానిక్కు పరీక్షలో నూటపద్దెనిమిది మందిలో మొదటిది. సర్కారు అంబులెన్సుల ఆఫీసులో పదకొండేళ్ళుగా ఆ పనే చేస్తోంది. ఈ పదకొండేళ్ళలో సెట్టు మూగబోయి ఒక్క పిలుపు కూడా ఆగలేదు. ఆఫీసులో ఈ సంగతి ఎవరూ రాసిపెట్టరు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆ ఆఫీసుకు పట్టిన పీడ నల్లబండ్లు. ఎక్కడైనా ప్రమాదం జరిగితే వైర్‌లెస్ గదిలో ఉన్న ఆపరేటరు, స్టాండులో ఆగి ఉన్న అంబులెన్సుకు చిరునామా చెబుతుంది. సర్కారు బండి అక్కడికి చేరేసరికి ఒక ప్రైవేటు నర్సింగ్‌హోము వాళ్ళ నల్లబండి ముందే వచ్చి రోగిని ఎక్కించుకుపోయేది. అందులో మందులుండవు. ఒక మంచం, తియ్యగా మాట్లాడే ఇద్దరు మగాళ్ళు, అంతే. కాలు విరిగి ఏడుస్తున్నవాణ్ణి చూసి ముఖం వెలిగిపోయే ఆ వెధవల మీద ఇంతకంటే సిరా ఖర్చు చెయ్యను.

సూపరింటెండెంటు గారు తెలివైనవారు. గదిలో వాళ్ళే ఎవరో చిరునామాలు బయటికి చేరవేస్తున్నారని తేల్చి, వైర్‌లెస్ గదికి తాళం వేయించారు. మాట పోయేది గాల్లో, తాళం పడింది తలుపుకి! తర్వాత వీధులకు రహస్యంగా అంకెలు పెట్టించారు. నాలుగో రోజున నల్లబండి డ్రైవరే మన డ్రైవరు దగ్గరికొచ్చి, "అన్నా, ఇరవై ఏడంటే పాల డిపో వెనక వీధే కదా?" అని సందేహం తీర్చుకున్నాడు.

మా అమ్మాయి వెళ్ళి చెప్పింది. "సార్, ఎవరూ చేరవెయ్యడం లేదు. మనమే ఊరంతటికీ వినిపిస్తున్నాం. సెట్టున్న ప్రతివాడూ వింటాడు."

"అయితే గాలిని అరెస్టు చెయ్యమంటావా?"

"గాలిని కాదు సార్. వినేవాడి చెవిలో రొద పోద్దాం."

గదిలో ఉన్న గుమాస్తాలందరూ నవ్వారు. ఆ రోజు నుంచీ ఆమె పేరు గురగురమ్మ. పేరు పెట్టినవాళ్ళకు బల్బు మార్చడం కూడా రాదు.

పెరట్లో గెలిచాక, సెలవు రోజుల్లో ఒక్కతే మూడు స్టాండ్లూ తిరిగి, ఒక్కో స్టాండుకూ కొలతలు తీసి పని ముగించింది. నాకు అర్థమయ్యేలా ఇలా చెప్పింది: "మావయ్యా, తలుపును అటొకరు ఇటొకరు సమంగా నెడితే ఏమవుతుంది?"

"కదలదు."

"అంతే. రెండు స్తంభాల నుంచి రెండు రొదలు. బండి ఆగే చోటులో ఒకదాన్నొకటి సమంగా నెట్టుకుని ఆగిపోతాయి. అక్కడ మాటొక్కటే మిగులుతుంది. మిగతా ఊళ్ళో మాట రొదలో మునిగిపోతుంది. అంకెలొద్దు, తాళాలొద్దు."

"మరి ఆ నల్లబండివాడు ఆ చోటులోకే వచ్చి నిలబడితేనో?"

"మన చక్రం కింద దూరాలి."

ప్రతి స్టాండులోనూ నేల మీద పచ్చరంగుతో ఒక గడి గీసింది. చిరునామా అందేదాకా బండి ముందు చక్రం ఆ గడిలోనే ఉండాలి. పక్కన కొత్తగా రేకుల షెడ్డు లేస్తే నిశ్శబ్దం రెండడుగులు జరుగుతుంది, మళ్ళీ సరిచెయ్యాలి. ఇంత శ్రద్ధ అడిగే పని సర్కారు డ్రైవర్ల చేతిలో పడింది. రెండో స్టాండు డ్రైవరు మధ్యాహ్నం బండిని నీడలోకి జరుపుకుని పడుకున్నాడు. పిలుపు వచ్చింది. వాడికి గురగుర వినిపించింది. వేరే బండి వెళ్ళేసరికి పావుగంట ఆలస్యమైంది. రోగి బతికాడు, అది అతని అదృష్టం.

"గడిలో ఎందుకు లేవు?" అని మా అమ్మాయి నిలదీసింది.

"అక్కా, నీ నిశ్శబ్దం ఎండలో ఉంది. నేను నీడలో ఉన్నాను. తప్పెవరిది?" అన్నాడు వాడు, సిగ్గులేకుండా.

సూపరింటెండెంటుకు పండగైంది. డ్రైవరును ఒక్క మాట అనలేదు. సర్కారు సెట్టులో రొద పెట్టిందని, చిరునామాలు చేరవేసేది ఈమేనని, దాన్ని కప్పిపుచ్చడానికే ఈ యంత్రమని రాసి, రొద ఆపించి, ఆమెను సస్పెండు చేశారు. పదకొండేళ్ళ ఉద్యోగం, నలుగురిలో పేరు, రెండూ ఒక్క కాగితంతో పోయేలా ఉన్నాయి. నా చెల్లెలు వీధిలోకి రావడం మానేసింది. మా అమ్మాయి మాత్రం, "ఉద్యోగం పోతే పోనీ మావయ్యా. దొంగ అన్న మాట మాత్రం పడను" అంది.

ఆమె ఇంట్లో కూర్చుంది. నల్లబండి మాత్రం మునుపటిలాగే ముందొచ్చింది. ఎవరో సూపరింటెండెంటును అడిగారు, ఆమె లేదు కదా, ఇప్పుడెవరు చేరవేస్తున్నారని. "ఇంటి నుంచి నడిపిస్తోంది" అన్నారట. ఆ బుర్రకు కుర్చీ ఇచ్చినవాళ్ళకు నా నమస్కారం.

మా అమ్మాయి ఏడు పేజీల అర్జీ రాసి పెద్దాఫీసుకు పంపింది. అందులో ఒక్క విన్నపమూ లేదు, ఒక పరీక్ష ఉంది. దాన్ని చదివి ఒక ఇంజినీరమ్మ స్వయంగా వచ్చింది. ముందు రోజు మా అమ్మాయితో మూడు స్టాండ్లూ సరిచేయించి, ఆమెను ఇంటికి పంపేసింది. రొద స్విచ్చును పెట్టెలో పెట్టి తాళంచెవి తన సంచిలో వేసుకుంది. పది రోజుల్లో ఐదు రోజులు రొద ఉంటుంది, ఐదు రోజులు ఉండదు. ఏ రోజు ఏదో ఇంజినీరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఆపరేటర్లు మాత్రం వాళ్ళే, చిరునామాలు పదిరోజులూ వాళ్ళకు తెలుసు. డ్రైవర్లతో ఒకటే చెప్పింది: "చక్రం గడి దాటితే మీరు ఈ ఉద్యోగం దాటినట్టే." ఎండ ఎవరికీ గుర్తు రాలేదు.

రొద లేని ఐదు రోజుల్లో ముప్ఫై ఒక్క పిలుపులు వచ్చాయి. పంతొమ్మిది చోట్ల నల్లబండి ముందుంది. రొద ఉన్న ఐదు రోజుల్లో ముప్ఫై నాలుగు పిలుపులు. నల్లబండి ముందున్నది ఒక్కచోటే, అదీ వాళ్ళ నర్సింగ్‌హోము గుమ్మం ముందే స్కూటరు పడితే.

గదిలో దొంగ ఉంటే పదిరోజులూ దొంగే కదా! ఇంజినీరమ్మ ఈ మాటే అడిగితే సూపరింటెండెంటు గారు, "నేను మొదటి నుంచీ ఆ అమ్మాయిని ప్రోత్సహిస్తూనే ఉన్నాను మేడం" అన్నారు. ఆ నోటికి ఏ రొదా చాలదు.

నిన్న కాగితం వచ్చింది. సస్పెన్షన్ రద్దు, ఆరోపణ కొట్టివేత, మూడు స్టాండ్ల బాధ్యతా రాతపూర్వకంగా ఆమెదే. క్షమించమన్న ముక్క ఎక్కడా లేదు. నేను రెండుసార్లు వెతికాను. నా చెల్లెలు ఆ కాగితం పట్టుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చింది, ఏ పనీ లేకపోయినా. మా మేనకోడలు తిరిగి వైర్‌లెస్ గదిలో అడుగుపెట్టేది ఈ నెల ఇరవై మూడు, సోమవారం, ఉదయం ఎనిమిది గంటలకు.