కచ్చురంలో వచ్చిన నీడలు

ఎనభైల మొదట్లో ఆదివారం మధ్యాహ్నం అయిందంటే ముగ్గురం ఆడవాళ్లం ఒక మగ్గం దగ్గర చేరేవాళ్లం. మగ్గం పెద్దమ్మది. నాకు చుట్టం కాదు, మా వాడకట్టు మనిషి. పరకాల నుంచి కోడలిగా వచ్చి, వరంగల్‌లో జంపఖానాలు నేస్తూనే యాభై దాటింది. రెండో ఆమె దవాఖానాలో నర్సు, పొద్దున చర్చికి వెళ్లి అటునుంచి అటే వచ్చేది. మూడోదాన్ని నేను. డిగ్రీలో చేరి ఆరు నెలలు, నోటికి తాళం లేదు. మా ముగ్గురిదీ ఒకటే పిచ్చి. వేరే గ్రహాలో, మాయలో, కాలంలో వెనక్కి పోయే యంత్రాలో ఉంటే తప్ప కథ మాకు ఎక్కదు. అత్తాకోడళ్ల సీరియల్ చదవడమంటే మాకు నామోషీ.

కూర్చోగానే పెద్దమ్మ అడిగేది. "చెప్పుండ్రి, ఎవలేం చదువుతాండ్రు?"

నర్సక్క వారపత్రిక తెప్పించేది. ముందు ఆమె చదివేది, తర్వాత నేను. నెల కాగానే సీరియల్ పేజీలు కత్తిరించి, పెద్దమ్మ మగ్గం దగ్గరి నూలుతోనే కట్టగా కుట్టేదాన్ని. పెద్దమ్మ కట్ట కుట్టాకే తీసుకునేది. "ముక్కలు ముక్కలు నాతోని గాదు" అనేది. రెండు రోజులు గుడ్డలో చుట్టి పెట్టుకుని, ఆదివారం కళ్లద్దాలు పెట్టుకుని, కట్ట ఒళ్లో వేసుకుని కథ చెప్పేది.

అబ్బ, ఏం చెప్పేదని! నేను ఆ పేజీలే చదివి ఉండేదాన్ని. ఆమె నోట్లో మాత్రం రాకెట్‌లో పొయ్యి మీద ఏం ఉడుకుతోందో తెలిసేది. రాజుగారి చెప్పు ఏ కాలిది అరిగిందో తెలిసేది. ఇవన్నీ నాకెందుకు కనపడలేదని ఇంటికెళ్లి మళ్లీ వెతికేదాన్ని. దొరికేవి కావు. దయ్యం పట్టినట్టు గబగబా చదివేస్తే ఏం మిగులుతుందని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. మాలో అసలైన పాఠకురాలు ఆమేనని నర్సక్కా నేనూ ఎప్పుడో ఒప్పుకున్నాం.

ఆ ఏడు నడిచిన సీరియల్ నీడలు లేని గ్రహం గురించి. అక్కడ మనుషులకు నీడ పడదు. మన భూమి నుంచి వెళ్లిన శాస్త్రవేత్త నీడను చూసి జనం జడుసుకుంటారు, దాన్ని ఊడబెరికి దాచేస్తారు. కథ అంత పట్టు మీదుండగా నర్సక్క చెల్లెలి కాన్పుకని వర్ధన్నపేట వెళ్లి నెల రోజులు ఉండిపోయింది. నాకేమో పరీక్షలు. వచ్చిన పత్రికలు చదవకుండానే, పేజీల నంబర్లు కూడా చూడకుండా, కత్తిరించి కుట్టి పెద్దమ్మకు ఇచ్చేశాను. ఆ నెల కథ మా ముగ్గురిలో ముందుగా ఆమె చేతికే వెళ్లింది.

నర్సక్క తిరిగొచ్చిన ఆదివారం పెద్దమ్మ కట్ట తెరిచింది.

"ఏమైందంటే, భూమి మీదికెల్లి ఒక కచ్చురం వచ్చింది. రెండెడ్లు గుంజే కచ్చురం. సచ్చిపోయినోళ్లందరి నీడలు అండ్ల ఏసుకొచ్చిండ్రు. మడతలు పెట్టి, మనం జంపఖానాలు పేర్చినట్టు. ఆ ఊరోళ్లు ఎగవడి తీసుకుంటాండ్రు. ఒక ముసలామెకు చిన్నపిల్ల నీడ దొరికింది. ఒంటికి గుంజుకుంటే వస్తలేదు, పొట్టిగైతాంది. అయినా ఇడుస్తలేదు."

నర్సక్క కళ్లు తుడుచుకుంది. ఆ ముసలామెను నా కళ్లతో చదవాలనిపించింది. కట్ట లాక్కుని ఇంటికి పరుగెత్తాను.

కథలో కచ్చురం లేదు. ముసలామె లేదు. మధ్యలో ఒక కాగితం మీద మాత్రం పెళ్లింటి ముందు ఆగిన కచ్చురం బొమ్మ ఉంది. అది అదే పత్రికలో వస్తున్న అత్తాకోడళ్ల సీరియల్‌ది. నేనే తొందరలో కుట్టేశాను. బొమ్మ కింద కోడలి ఏడుపు పెద్ద అక్షరాల్లో ఉంది. అది చదివిన వాళ్లెవరూ ఆ కచ్చురాన్ని గ్రహం మీదికి తోలరు. పెద్దమ్మకు చదవడం రాదు!

నా ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ మమ్మల్ని వెర్రివాళ్లను చేసిందా? ఆమె అల్లిన మాటల కోసం నేను రాత్రుళ్లు పేజీలు తిప్పానా? వారమంతా పళ్లు నూరుకున్నాను. ఆదివారం వెళ్లీ వెళ్లగానే కట్టలోంచి పీకి తెచ్చిన ఆ కాగితం ఆమె ముందు పట్టాను.

"పెద్దమ్మా, జర ఇది చదివి వినిపియ్యి."

ఆమె చెయ్యి మగ్గం మీద ఆగింది. "అద్దాలు కనవడ్తలేవు బిడ్డా" అంది. అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

ఆ మాట విన్నాక ఆపేసి ఉండాల్సింది. ఆపలేదు. "ముక్కు మీదున్నయ్ గదా" అన్నాను.

నర్సక్క నా చేతిలో కాగితం గుంజుకుంది. "కుట్టుడు రాకపోతే రాదని చెప్పాలె గని, ఇదేం బుద్ధే నీది?" అని నన్ను కసిరి, పెద్దమ్మ వైపు తిరిగింది. "ఆ ముసలామె నీడ ఏమైంది పెద్దమ్మా? వారం సంది అదే రంది నాకు."

పెద్దమ్మ కళ్లద్దాలు తీసి మగ్గం చెక్క మీద పెట్టింది. "నాకు అచ్చరం రాదు. మీ అసొంటోళ్ల నడుమ కూసునుడు పోతదని చెప్పలే. నమూనా కాగితం చూస్తే ఏ పోగు యాడికి పోతదో నాకెరుకైతది. గట్లనే బొమ్మ చూస్త. మిగిలింది అల్లుకుంట. ఇగ మీదట కథలు చెప్పను తియ్" అంది. మళ్లీ నేత మొదలుపెట్టింది. మా వైపు చూడలేదు.

సిగ్గుతో నా తల వాలిపోయింది. చదువుకున్నదాన్నని ఎంత పొగరు నాకు! బయటికొచ్చాక నర్సక్కను అడిగాను, "నీకు ముందే ఎరుకనా?"

"మొదటి కట్ట సంది ఎరుకే. ఆమె చెప్పేది ఇంకే పత్రికల దొరుకుతదే?"

వారమంతా కూర్చుని, పెద్దమ్మ చెప్పిన కచ్చురం కథ గుర్తున్నంత మేర తెల్లకాగితాల మీద గుండ్రంగా రాశాను. కట్టలో తప్పు కాగితం ఊడిన చోటే వాటిని కుట్టాను. ఆదివారం కట్ట ఆమె ఒళ్లో పెట్టి, "తప్పైంది పెద్దమ్మా, నీ కథ ఈ కట్టల పెట్టిన" అన్నాను. ఆమె కాగితాలు తడిమి చూసింది. నర్సక్క ఆమెకు నేర్పడానికి, నేతకు గడులు గీసిన నమూనా కాగితం ఒకటి తీసుకుని గడికొక అక్షరం రాసింది. గడుల్లో ఉండేసరికి పెద్దమ్మ చూపు దానంతటదే వాటి వెంట పోయింది.

అక్షరాలు వంటబట్టడానికి వానలు పడి వెళ్లిపోయే దాకా పట్టింది. ఒక ఆదివారం మేమడగకుండానే కట్ట తెరిచి నా రాత దగ్గర వేలు పెట్టింది. కూడబలుక్కుంటూ చదవసాగింది. కచ్చురం దగ్గర నవ్వింది. ముసలామె దగ్గర కళ్లద్దాలు తుడుచుకుంది.

ఉన్నట్టుండి వేలు ఆగింది. ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివింది. నా వైపు చూసింది.

"ఎడ్లు కన్నీరు కార్చినయని నేనెప్పుడన్నానే?"

అనలేదు. బాగుంటుందని నేనే కలిపాను.

"కొట్టెయ్" అంది పెద్దమ్మ.

పెన్ను తీసి కొట్టేశాను.