యూరప్ మాస్టారి మిరపకాయలు

మీరావలి మాస్టారిని కాలేజీలో అందరూ వెనకాల యూరప్ మాస్టారనేవారు. నలభై ఆరేళ్ళ మనిషి. హైదరాబాదు దాటి ఎరగడు, సముద్రమంటే చీరాల ఒడ్డున చూసిందే. అయినా బి.ఏ. రెండో ఏడు పిల్లలకి రాజనీతి చెబుతూ యూరప్ పాఠంలోకి వచ్చాడంటే గంట కొట్టినా వదిలేవాడు కాదు. క్లాసులో ఉండేదే పదకొండుమంది. అందులో నలుగురు కునికిపాట్లు పడుతున్నా, ఊరేగింపుకి సరిపడా గొంతేసుకుని చెప్పేవాడు.

"ముప్ఫై ఏళ్ళ లోపల రెండుసార్లు కోట్లమందిని చంపుకున్న దేశాలమ్మా అవి. తర్వాతేం చేశాయి? కావలించుకోలేదు. తుపాకులకి కావలసిన బొగ్గూ ఉక్కూ తెచ్చి ఉమ్మడిలో పెట్టాయి. నా కొలిమిలో ఏముందో నువ్వు చూడు, నీ కొలిమిలో ఏముందో నేను చూస్తా అన్నాయి. అంతే!"

ఒకసారి భవ్య అనే పిల్ల లేచి, "భాష ఒకటి కాదు, జెండా ఒకటి కాదు, మరి ఏం చూసుకుని మనమంతా ఒకటి అనుకుంటారు సార్?" అని అడిగింది. మాస్టారు పొంగిపోయాడు. పుస్తకాల్లో దానికి రెండు జవాబులున్నాయని చెప్పాడు. వాళ్ళ పూర్వీకులు, వాళ్ళ ప్రార్థన, వాళ్ళ పాత కథలు ఒకటే గనక వాళ్ళు ఒకటి అనేది మొదటిది. గతం ఎవరిదైతేనేం, ఈ కట్టుబాట్లకు మేం లోబడతాం అని ఒప్పుకున్నవాళ్ళంతా ఒకటి అనేది రెండోది. మొదటి జవాబు దగ్గర ఆయన గొంతు కాస్త తగ్గింది. గతమే మనుషుల్ని కలిపేదయితే ఆ గతంలో లేనివాడి గతేమిటి? మూడొందల గడప ఉన్న ఊళ్ళో పది సాయిబుల ఇళ్ళలో ఒక ఇంట పుట్టినవాడికి అది పరీక్ష ప్రశ్న కాదు. అందుకే రెండో జవాబంటే ఆయనకు ప్రాణం.

పాఠం చెప్పి ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. చేసి చూపిద్దామనుకున్నాడు, అక్కడొచ్చింది చిక్కు.

మాస్టారిది తూర్పుపాలెం. మూడు మైళ్ళ దూరంలో పడమటిపాలెం. రెండూ సాగర్ కాలువ చివరి ఊళ్ళే. ఎనభై ఏడులో నీళ్ళు రాని ఏడు తూము దగ్గర రెండు ఊళ్ళూ కర్రలతో కలబడ్డాయి. పడమటిపాలెం బాపయ్య తమ్ముడు అక్కడే పడిపోయి మళ్ళీ లేవలేదు. కొట్టింది తూర్పుపాలెం వాళ్ళని అందరికీ తెలుసు. కోర్టులో మాత్రం ఎవరూ చూడలేదన్నారు. ఆనాటినుంచి పదహారేళ్ళు ఈ ఊరివాడు ఆ ఊళ్ళో మంచినీళ్ళు ముట్టలేదు.

రెండు వేల మూడు జనవరిలో గుంటూరు ఎగుమతి కంపెనీ మనిషి శివరామకృష్ణ తూర్పుపాలెం వచ్చాడు. మంచి కాయ కావాలి, కంటైనరు నిండా కావాలి, యూరప్‌కి పంపాలి అన్నాడు. ఒక్క ఊరి కాయతో కంటైనరు నిండదు. పైగా తడి తగిలిన కాయలో కంటికి కనపడని బూజు విషం పుడుతుందట. ఇదివరకు ఒక దేశం కాదంటే ఇంకో దేశానికి మళ్ళించేవారు. ఇప్పుడు వాళ్ళందరూ ఒకటే కొలత పెట్టుకున్నారు, ఒక రేవులో తిప్పి కొడితే మిగతా రేవులన్నీ మూసుకున్నట్టే అన్నాడు. మిగతా రైతులు బెదిరారు. మాస్టారి కళ్ళు మెరిశాయి. తన పాఠం తన కళ్ళం దాకా నడిచొచ్చింది మరి!

బాపయ్య ఇంటికి మూడుసార్లు వెళ్ళాడు. మొదటిసారి నిలబెట్టే మాట్లాడాడు బాపయ్య. రెండోసారి మంచం చూపించాడు. మూడోసారి అన్నాడు, "ఆ బొగ్గూ ఉక్కూ నాకు తెలవదు మాస్టారూ. నీ కాయ నేను చూస్తా, నా కాయ నువ్వు చూడు అన్నావే, అది బాగుంది. మీ ఊరోళ్ళని నమ్మమంటే నమ్మను. చూడమంటే చూస్తా."

ఇరవై ఆరుమంది రైతులు రెండు ఊళ్ళనుంచీ కలిశారు. కట్టుబాట్లు మాస్టారే రాశాడు. అందులో మొదటిది, బస్తాల్లోకి తొక్కేటప్పుడు కాయమీద నీళ్ళు చల్లకూడదు. ఈ సీమలో తాతలనాటినుంచీ ఉన్న పని అది. ఎండిన కాయ తొక్కితే విరుగుతుంది గనక ముందురోజు నాలుగు నీళ్ళు చల్లి మెత్తబరుస్తారు. అది మానేసి, తెల్లవారుజామున మంచు పదునులోనే తొక్కాలన్నాడు. ఆఖరుది మాస్టారు పట్టుబట్టి పెట్టించింది. బస్తా మీద రైతు పేరు గానీ ఊరి పేరు గానీ ఉండకూడదు, ఉమ్మడి కాయ అని మాత్రమే రాయాలి. బాపయ్య ఆ మాట దగ్గర చాలాసేపు ఆలోచించి సంతకం పెట్టాడు.

మార్చి నెలాఖరుకి రెండొందల నలభై బస్తాలు చిలకలూరిపేట రోడ్డు గోడౌనులో చేరాయి. అందులో ఇరవై మాస్టారివి. మాస్టారు డిగ్రీ పరీక్షల డ్యూటీలో ఉంటే, వాళ్ళమ్మ ఖాదర్‌బీ దగ్గరుండి తొక్కించింది. నాలుగు రోజుల తర్వాత శాంపిల్ తీసే రోజు. పొద్దున్నే మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇడ్లీ తింటుంటే ఖాదర్‌బీ చట్నీ వేస్తూ మురిసిపోయింది.

"మన కాయ ఒక్కటీ విరగలేదురా అబ్బాయ్. నాలుగు నీళ్ళు చల్లి పట్టా కప్పించా. పట్టులాగా తొక్కారు."

మాస్టారు ప్లేటు పక్కకి నెట్టాడు. "చల్లొద్దని చెప్పాను కదమ్మా!"

"చెప్పావులే. చల్లకపోతే పిండి అయిపోద్ది కదరా. చేత్తో చిలకరించా, అంతే. యాభై ఏళ్ళనుంచి చేస్తన్నా, ఎవరు చచ్చారు?"

మాస్టారు చెయ్యి కడుక్కున్నాడు. స్కూటరు తీశాడు. దారంతా ఒకటే లెక్క. శాంపిల్ అన్ని బస్తాల్లోంచీ తీయరు. తనవి దొరక్కపోవచ్చు. దొరికితే? ఇక్కడ దొరక్కుండా అక్కడ రేవులో దొరికితే? ఇరవై ఆరుమంది కష్టం మట్టిపాలు. పోనీ చప్పుడు చేయకుండా తనవి పక్కకి లాగేద్దామంటే ఏవి తనవి? పేర్లు ఉండకూడదన్నది తనే. ఆ తెలివికి తన చెప్పుతో తనే కొట్టుకోవాలనిపించింది. చెబితే కాయ బతుకుతుందేమో, పొత్తు చస్తుంది. తూర్పోళ్ళు మళ్ళీ మోసం చేశారంటారు. చెప్పకపోతే తను పిల్లలకి ఇన్నేళ్ళూ చెప్పిందంతా అబద్ధమవుతుంది.

గోడౌను దగ్గర శివరామకృష్ణ అప్పటికే గోనె పరిచి, బస్తా కుట్లు విప్పబోతున్నాడు. రైతులు ఊరికో గుంపుగా, అటొకటి ఇటొకటి నిలబడి ఉన్నారు. బాపయ్య మాత్రం మధ్యలో స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆగండి," అన్నాడు మాస్టారు. ఆ గొంతు క్లాసులో వినపడే గొంతు కాదు. "మా ఇంట్లో నీళ్ళు చల్లారు. ఇరవై బస్తాలు. ఏవో నాకు తెలీదు. అన్నీ విప్పాలి."

పడమటివైపునుంచి బుడాన్ అనే కుర్రాడు బాపయ్యకేసి తిరిగి కేక పెట్టాడు. "చెప్పలా బాబాయ్? మనిషిని చంపినోళ్ళకి కాయ చంపడం ఒక లెక్కా?"

"ఒరేయ్, నోరు అదుపులో పెట్టుకో!" తూర్పువైపునుంచి ఎవరో ముందుకొచ్చారు. కుట్లు విప్పే కత్తులు నాలుగు చేతుల్లో ఉన్నాయి. మాస్టారు రెండు గుంపుల మధ్యకి వచ్చాడు. తను పెట్టిన పొత్తులోనే ఇంకొకడు పడిపోతాడా? బాపయ్య వైపు చూశాడు. బాపయ్య నేలకేసి చూస్తున్నాడు, ముఖం నల్లబడింది.

చివరికి బాపయ్యే లేచాడు. "విప్పండి," అన్నాడు.

విప్పారు. ఎండిన కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజ గలగలలాడాలి. తడి కాయ పలకదు. పలకని బస్తాలన్నీ ఎడమవైపు పెట్టమన్నాడు శివరామకృష్ణ. పది అయ్యాయి, ఇరవై అయ్యాయి. మాస్టారు ఊపిరి పీల్చుకోబోయాడు. ఇరవై ఐదు. నలభై. బుడాన్ అరుపులు ఎప్పుడాగాయో ఎవరూ గమనించలేదు. మధ్యాహ్నానికి ఎడమవైపు తొంభై బస్తాలు నిలబడ్డాయి. రెండు ఊళ్ళవాళ్ళూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోలేక తలలు దించుకున్నారు. ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాడు మాస్టారొక్కడే.

"ఇవాళ శాంపిల్ తీయను," అన్నాడు శివరామకృష్ణ. "వారం గడువు. బూజు వాసన తగిలిన కాయ ఏరి పారేసి మిగతాది ఆరబెట్టండి. నిలుస్తుందో లేదో నేను చెప్పలేను."

"ఎవరి తడి కాయ వాళ్ళు పట్టుకుపోదాం," అన్నాడు ఎవరో.

"ఏది ఎవరిదో ఎట్టా తెలుసుద్దిరా?" అన్నాడు బాపయ్య విసుగ్గా. తర్వాత మాస్టారి వైపు తిరిగాడు. "ఆ దేశాల్లో కూడా మొదట్లో ఇట్టాగే జరిగిందా?"

మాస్టారికి నాలుగు పేజీల జవాబు నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "తెలీదు బాపయ్యగారూ. పుస్తకంలో లేదు."

బాపయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "వాసన పట్టే మనిషి కావాలి. యాభై ఏళ్ళు కాయతో బతికిన మనిషి. కాయ విషయంలో మీ అమ్మ పేరు మా ఊళ్ళోనూ తెలుసు. తీసుకొద్దాం పద. నేనూ వస్తా."

తూర్పుపాలెం వీధిలో స్కూటరు వెనక బాపయ్యని చూసి అరుగులమీది మాటలు ఆగిపోయాయి. మాస్టారు వెనక్కి తిరిగి చూడలేదు, ఎవరైనా ఏదైనా అంటారేమోనని చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. ఖాదర్‌బీ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. కొడుకు మొహం చూసి, వెనక మనిషిని చూసి చేట కింద పెట్టింది. "అయ్యో, నావల్ల ఎంతపని జరిగింది!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాపయ్య గుమ్మం ఎక్కలేదు. మెట్టు కిందే నిలబడి, ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు.

"నేనూ చల్లించానమ్మా. కాయ విరుగుద్దని. మీ అబ్బాయి అందరి ముందూ చెప్పాడు. నాకు నోరు రాలా."

ఖాదర్‌బీ లోపలికెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. బాపయ్య ఆ చెంబుని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత ఎత్తి తాగాడు.

"పదండి," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ, "ఎండ పోకముందే ఆరబొయ్యాలి కాయ."