కొండయ్య కూతురి వాయాంగ్

కమలం గొంతు సింగపూర్‌లోని బెడోక్ పేటలో తెలియనివాళ్ళు తక్కువ. ఇరవయ్యారేళ్ళు తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో ఇడియాప్పం అమ్మిన గొంతు అది. ఆవిడ "వేడి వేడిగా!" అని ఒక్క కేక వేస్తే రోడ్డవతల బస్సుకోసం నిలబడ్డవాళ్ళు కూడా తల తిప్పేవారు. భర్త పోయాక, మోకాళ్ళు మొరాయించాక కొట్టు మూసేసి, మనవరాలు సుగన్యతో ఏడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటోంది. సుగన్యకు పాయా లేబర్ పేటలో ఒక ఇంటర్నెట్ కంపెనీలో ఉద్యోగం. ఆ కంపెనీ ఏం చేస్తుందో కమలానికి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. ఏడాదిలో మూడుసార్లు పేరు మార్చుకుందని మాత్రం తెలుసు.

ఆ రెండువేల సంవత్సరంలో సింగపూర్‌కు తెలుగు పిల్లలు విమానాల నిండా దిగుతున్నారు. వాళ్ళలో ఒకతె శ్రీజ. గుంటూరు పిల్ల, యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. కమలం ఇంట్లో ఖాళీగా ఉన్న గది అద్దెకు తీసుకుంది. పాత సినిమా రీళ్ళను కంప్యూటర్లోకి ఎక్కించి, వాటి మీది గీతలూ మరకలూ తుడిచిపెట్టే ప్రోగ్రామ్ రాయడం ఆ పిల్ల పని.

ఒక శనివారం పొద్దున కమలం టీ గ్లాసు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది. కంప్యూటర్ తెర మీద నలుపు తెలుపుల్లో ఒక గుర్రం దూకుతోంది. మీద పెద్ద టోపీ పెట్టుకున్న మనిషి. గుర్రం వెనక దుమ్ము, దుమ్ము వెనక రాళ్ళ కొండ.

కమలం గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ముత్యాలు!" అంది.

శ్రీజ వెనక్కి తిరిగింది. "ఎవరాంటీ?"

"ఆడే, ఆ గుర్రం మీదోడు. పెళ్ళాం కోసం ఎళ్తన్నాడు. ఆ కొండ దాటితే వాగొస్తది సూడు."

శ్రీజ చూసింది. కొండ దాటగానే వాగు వచ్చింది.

శ్రీజ కుర్చీ వెనక్కి జరిపి ఆవిడను మంచం మీద కూర్చోబెట్టింది. "ఆంటీ, ఈ సినిమా ప్రపంచంలో ఇంకెక్కడా లేదని మా ప్రొఫెసర్ గారంటున్నారు. మీరెప్పుడు చూశారు?"

అప్పుడు కమలం చెప్పింది. ఆవిడ పుట్టింది మలేసియాలో, అప్పట్లో మలయా అనేవారు, పెరాక్ రాష్ట్రంలోని ఒక కొబ్బరి తోటలో. తండ్రి కొండయ్య కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో కూలీ. ఏడాదికి రెండుసార్లు ఈపో పట్నం నుంచి ఒక చీనా షావుకారు లారీలో మిషనూ రీళ్ళూ వేసుకుని వచ్చేవాడు. కొబ్బరి ఆరబెట్టే కళ్ళంలో దుప్పటి కట్టి బొమ్మ వేసేవాడు. దాన్ని అందరూ వాయాంగ్ అనేవారు. మాటలొచ్చే సినిమాలు పట్నాల్లో అప్పటికే వచ్చేశాయి గానీ తోటలకు వచ్చేవి పాత మూగ బొమ్మలే. తెర పక్కన కర్ర పట్టుకుని నిలబడి, ఆ బొమ్మ కథను తెలుగులో చెప్పేవాడు కొండయ్య. మూడేళ్ళపాటు అదే బొమ్మ వచ్చినా జనం విసుక్కోలేదు. కమలానికి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. కథంతా నోటికి వచ్చేసింది.

"మా అయ్యకి ఇంగ్లీషొచ్చు. మజ్జమజ్జలో తెర మీద రాత వస్తది కదా, అది సదివి సెప్పేవోడు. మొత్తం ఎస్టేట్లో లెక్కలు రాసే కిరాణీ తర్వాత మా అయ్యే," అంది కమలం గర్వంగా.

శ్రీజకు ఆ రోజు కాలు నేల మీద నిలవలేదు. ఆ షావుకారు మనవలు యూనివర్సిటీకి ఇచ్చిన ట్రంకు పెట్టెలో ఆరు రీళ్ళున్నాయి. మొదళ్ళూ చివళ్ళూ చిరిగిపోయి, ఏది ముందో ఏది వెనకో తేలడం లేదు. మధ్యమధ్య వచ్చే రాత పలకలు చాలావరకు చెదలు తిన్నట్టు మాసిపోయాయి. తీసింది ఎల్మర్ గ్రిడ్లీ అనే అమెరికా దర్శకుడని డబ్బా మీద కాగితం చెబుతోంది. ఆయన ఎవరో సినిమా చరిత్ర చదివినవాళ్ళకు కూడా సరిగ్గా తెలియదు. కన్నీటి సినిమాలు కొన్ని, గుర్రాల సినిమాలు కొన్ని తీసి, మాటలు రాగానే కనుమరుగైన మనిషి.

ఆ మధ్యాహ్నమే శ్రీజ ఆరు రీళ్ళనూ కమలానికి చూపించింది. కమలం కళ్ళద్దాలు సర్దుకుని, వేలితో చూపిస్తూ వరస చెప్పింది.

"ఇది ముందు. ఎల్లమ్మ పెద్దింటి కోడలు. అత్త సూడు, గద్దముక్కు! సేయని తప్పుకి ఇంట్లోంచి గెంటేస్తది. ఇది రెండు, మంచులో బిడ్డనెత్తుకుని తిరుగుద్ది. ఇది మూడు, బిడ్డని గుడి మెట్ల మీద పెట్టి ఏడుస్తది. ఇక్కడే ఆడోళ్ళందరూ కొంగులు తడిపేసేవోళ్ళు. తర్వాత రైలెక్కి ఎడారి దేశం పోద్ది. అక్కడ గుర్రం ఎక్కడం నేర్సుకుంటది."

"మొగుడికి మొదట్లో మీసం ఉంది కదాంటీ? గుర్రం మీద ఉన్నాయనకు లేదేం?"

"పెళ్ళాం దొరకాలని తిరుపతి ఎంకన్నకి మొక్కుకున్నాడమ్మా. తలా మీసం రెండూ ఇచ్చేశాడు. అందుకే టోపీ తియ్యడు, నువ్వే సూడు."

శ్రీజ చూసింది. నిజమే, మూడు రీళ్ళలో ఒక్కసారి కూడా ఆ మనిషి టోపీ తీయలేదు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది గానీ, లోపల ఏదో అనుమానం పురుగులా తొలిచింది.

కమలం చెప్పిన వరసంతా రాసి, శ్రీజ విదేశంలోని ఒక సినిమా భాండాగారానికి ఈమెయిల్ పంపింది. పదిరోజులకు జవాబొచ్చింది. పాతకాలపు పత్రికల్లో దొరికిన కథాసారాంశాలు కూడా జత చేశారు. అది శ్రీజ రెండుసార్లు చదివింది. ఇంటికి వచ్చి, సుగన్యను కూడా పిలిచి, కమలం పక్కన చేరింది.

"ఆంటీ, మీరు చెప్పిన ఆర్డర్ కరెక్ట్. ఒక్క రీలు కూడా తేడా లేదు. కానీ... అది ఒక సినిమా కాదు. రెండు సినిమాలు. మొదటి మూడు రీళ్ళూ ఒక ఏడుపు సినిమా. తర్వాతి మూడూ గుర్రాల సినిమా. హీరోయిన్ ఒకతే గానీ హీరోలు వేరు. ఆ షావుకారు దగ్గర రెండింటివీ సగం సగమే ఉన్నట్టున్నాయి."

కమలం ముఖం ముడుచుకుంది. "మరి మా అయ్య సదివి సెప్పింది?"

శ్రీజ తన కాగితాలు తిరగేసింది. మాసిపోకుండా మిగిలిన రాత పలక ఒకటుంది. దాని దగ్గర కొండయ్య చెప్పిన మాటలు కమలం అప్పటికే వినిపించింది. "ఓ నా చెల్లెలా, లోకం నిన్ను రాళ్ళతో కొట్టినా నీ కడుపులోని పాలు మాత్రం పులిసిపోవు" అంటూ సాగే పెద్ద ప్రసంగం అది.

"ఆ పలక మీద ఏం రాసుంది?" అంది కమలం.

శ్రీజ బదులు సుగన్య చెప్పేసింది. "మూడు వారాల తర్వాత, అంతే, అవ్వా. Only that lah."

కమలం లేచి వెళ్ళి బాల్కనీలో బట్టలు మడతపెట్టింది. అన్నం వడ్డించి మకాన్‌కు రమ్మని సుగన్య రెండుసార్లు పిలిచినా రాలేదు. తండ్రికి ఇంగ్లీషు రాదన్నమాట. అక్షరమ్ముక్క రాదు. తోటలో ఐదువందలమందీ, కూతురుతో సహా, ఆయన చదువుతున్నాడనే అనుకున్నారు. తనను మోసం చేశాడా? ఆయన తెర పక్కన నిలబడ్డ తీరు, కర్ర ఎత్తగానే అంత జనమూ నోరు మూసుకోవడం కళ్ళముందు ఆడాయి. ఎల్లమ్మ పేరు గుర్తొచ్చింది. అది తన మేనత్త పేరు. అత్తారింట్లో బాధలు పడి, చెప్పకుండా ఓడెక్కి వచ్చేసిన మేనత్త. ఆవిడ ఆ కళ్ళంలోనే ముందువరసలో కూర్చునేది. తెర మీది ఎల్లమ్మ ఏడుపుతో ఆగిపోకూడదని, గుర్రం ఎక్కాలని అయ్య అనుకున్నాడేమో అని తోచింది కమలానికి.

మర్నాడు పొద్దున కాఫీ కలుపుతూ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. శ్రీజ కంగారుగా వంటింట్లోకి వచ్చింది.

"ఏమైందాంటీ?"

"గుండు కొట్టించేశాడే!" అంది కమలం, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. "మొగుడు మారిపోయినాడని జనం అడిగేస్తారని, ఎక్కడో అమెరికావోడికి తిరుపతిలో గుండు కొట్టించేశాడు మా అయ్య! ఏం బుర్ర!"

ప్రొఫెసర్ గారు ఆ రెండు సినిమాలనూ వేరువేరుగా, పియానో సంగీతంతో చూపిద్దామన్నారు. శ్రీజ పట్టుబట్టింది. అలాగే చూపించండి, కానీ ఇక్కడి తోటల్లో జనం చూసింది కొండయ్య గారి సినిమా, దాన్ని కూడా ఒకసారి చూపించాలి అంది. చివరికి తెలుగువాళ్ళ సంఘం సెరంగూన్‌లో ఒక హాలు మాట్లాడింది. ఆదివారం మధ్యాహ్నం ఆట. నలభైమంది వస్తే గొప్ప అనుకున్నారు. ఈమెయిళ్ళ మీద కబురు పాకి రెండువందలమంది దాకా వచ్చారు. అందరూ సాఫ్ట్‌వేర్ పిల్లలే. ఇక్కడి అలవాటు ప్రకారం కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి, చోటు చోప్ చేసుకుని మరీ కూర్చున్నారు.

కమలం పట్టుచీర కట్టుకుని, చేతిలో కర్ర పట్టుకుని తెర పక్కన నిలబడింది. దీపాలార్పారు. బొమ్మ మొదలైంది. గద్దముక్కు అత్త గుమ్మంలోకి వచ్చింది. కమలం ఏదో గొణిగింది. వెనకవరసలోంచి ఎవరో "ఆంటీ, వినపడట్లేదు" అన్నారు.

వినపడట్లేదు! ఇరవయ్యారేళ్ళలో ఆ మాట ఆవిడతో అన్నవాళ్ళు లేరు. కమలం ఊపిరి ఎగబీల్చింది.

"ఇదిగో వచ్చింది సూడండి, గయ్యాళి అత్త! కోడలు కన్నీళ్ళతోనే కాళ్ళు కడుక్కునే మహాతల్లి!"

హాలు ఘొల్లుమంది. అక్కడినుంచి ఆవిడకు ఎదురులేదు. మంచులో ఎల్లమ్మ నడుస్తుంటే జీన్సు ప్యాంట్ల అమ్మాయిలు ముక్కులు చీదారు. ముత్యాలు గుండు సంగతి చెప్పగానే కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఐదో రీలులో గుర్రం వాగు మీద దూకింది, దూకి గాల్లోనే ఆగిపోయింది. కంప్యూటర్ బిగుసుకుపోయింది. శ్రీజ ఒళ్ళంతా చెమటలు పట్టి మీటలు నొక్కుతోంది.

కమలం ఒక్క క్షణం తెర వంక చూసి, కర్ర గుర్రం మీద ఆనించింది.

"ఇప్పుడీ గుర్రం ఏటి ఆలోసిస్తందో సెప్తాను ఇనండి," అంది. గుర్రానికి ఇంటి దగ్గర గుడ్డి తల్లి ఉందని చెప్పింది. ఈ గుండాయన మొక్కేదో తనకెందుకు చుట్టుకుందని అది విసుక్కుందని చెప్పింది. అయినా ఆడకూతురు కష్టంలో ఉందంటే వాగేమిటి, సముద్రమైనా దూకాలనుకుందని చెప్పింది. మూడు నిమిషాలపాటు గుర్రం గాల్లోనే ఉంది, జనం కడుపులు పట్టుకుని నవ్వుతూనే ఉన్నారు. శ్రీజ కంప్యూటర్‌ను ఎలాగో కదిలించేసరికి, "ఎళ్ళవే తల్లీ!" అంది కమలం. గుర్రం అవతలి గట్టు మీద వాలింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ గుర్రం మాటలు కొండయ్య చెప్పినవి కావు. ఆ సంగతి కమలానికి మాత్రమే తెలుసు. ఇంటికి వెళ్తూ రైల్లో శ్రీజకు చెప్పింది, నవ్వుతూ.

రెండు నెలలకు భాండాగారం తమ జాబితాను సవరించింది. గ్రిడ్లీ పేరు కింద ఈ రీళ్ళు ఒకే సినిమాగా ఉన్న చోట మూడు వచ్చాయి. ఏడుపు సినిమా, గుర్రాల సినిమా, వాటి తర్వాత మలయా తోటల్లో ఆడిన కలగలుపు సినిమా. మూడోదాని పక్కన, కథ చెప్పినవారు కొండయ్య, జ్ఞాపకం నుంచి తిరిగి చెప్పినవారు ఆయన కుమార్తె కమలం అని రాశారు. సుగన్య ఆఫీసులో ఆ కాగితం ప్రింటు తీసి తెచ్చి, ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పింది.

"మా అయ్య పేరెక్కడుంది?" అని అడిగింది కమలం.

సుగన్య వేలు పెట్టి చూపించింది. కమలం ఆ అక్షరాలను ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. తర్వాత ఆ కాగితం పట్టుకుని, చెప్పులు వేసుకుని, పక్కింటి చీనా ముసలమ్మకు చూపించడానికి బయల్దేరింది.